ఇంట కూర్చిన కంప్యూటర్, దానికి వచ్చి పడే సలహాలు

ఆటలు ఆడుకోవడానికి విద్యార్థులు కంప్యూటర్‌ను తామే కూర్చుకోవడం ఇప్పుడు మన పట్టణాల్లో కొత్త సంగతి కాదు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్.ఎస్.డి., విద్యుత్తును సరఫరా చేసే ఎస్.ఎం.పి.ఎస్., వీటినన్నిటిని ఇముడ్చుకొనే కేబినెట్, వీటిని విడివిడిగా కొని ఒక స్క్రూడ్రైవరుతో ఒక సాయంత్రంలో బిగించవచ్చు. బిగించడం కష్టం కాదు. ఆ యంత్రం మొరాయించినప్పుడో, వేగం చాలనప్పుడో ఏమి చేయవలెనన్నదే కష్టం. ఆ సమయంలో సలహాలకు కొదువ ఉండదు. దుకాణంలో ఒకటి, స్నేహితుని నోట ఒకటి, వీడియోల్లో పది. వీటిని కొంతకాలంగా శ్రద్ధగా వింటున్నాను. భౌతికశాస్త్రం బోధించేవాడిగా నాకు వాటిమీద ఒక ఫిర్యాదు ఉన్నది. అవి దాదాపు అన్నీ "ఏ భాగం మార్చాలి?" అనే ప్రశ్నకు జవాబులే. "దోషం ఫలానా భాగంలో ఉన్నదని ఎట్లా తెలిసింది?" అని అడిగిన సలహాదారు అరుదు.

నా ఫిర్యాదుకు కారణమైన యంత్రం మా బి.ఎస్సీ. విద్యార్థి ఒకరిది. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు తెర నల్లబడి, యంత్రం దానంతటదే ఆగి మళ్ళీ ప్రారంభమయ్యేది. దుకాణదారు గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నాడు. కొత్తదానికి ముప్పై రెండు వేల రూపాయలు. ఒక మిత్రుడు విండోస్ మళ్ళీ వేయమన్నాడు. మరొకడు ర్యామ్ మార్చమన్నాడు. తండ్రి డబ్బు సర్దడానికి సిద్ధపడే స్థితిలో ఆ అబ్బాయి యంత్రాన్ని నా దగ్గరకు తెచ్చాడు.

నేను చేసిన మొదటి పని కూడ తప్పే. ర్యామ్ పలకలను ఊడదీసి, అంచులు తుడిచి మళ్ళీ గుచ్చాను. అదే గంటలో గ్రాఫిక్స్ డ్రైవరును కూడ కొత్తది వేశాను. మూడు రోజులు యంత్రం ఆగలేదు. "రెంటిలో ఏది పనిచేసింది సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నాలుగవ రోజున రోగం తిరిగివచ్చింది. విచారించగా, ఆ మూడు రోజులూ పరీక్షల కారణంగా అతడు భారమైన ఆట జోలికే పోలేదని తేలింది! లోలకం ప్రయోగంలో దారం పొడవును, గుండు బరువును ఒకేసారి మార్చిన విద్యార్థికి నేను మార్కులు వేయను. ఇక్కడ అదే పని నేనే చేశాను.

రెండవసారి ఏమీ కొనకుండ, ఏమీ విప్పకుండ మొదలుపెట్టాము. గ్రాఫిక్స్ కార్డు తీసుకొనే విద్యుత్తుకు సాఫ్ట్‌వేరు ద్వారా హద్దు విధించవచ్చు. ఆ హద్దును 70 శాతానికి తగ్గించి అదే ఆటను రెండు గంటలు నడిపాము. యంత్రం ఆగలేదు. హద్దును నూటికి పెంచగానే ఎనిమిది నిమిషాల్లో ఆగింది. తిరిగి తగ్గించాము, ఆగలేదు. ఇట్టి కార్డు సగటున 200 వాట్లు మాత్రమే తీసుకొంటున్నా, సెకనులో వెయ్యవ వంతుల కాలంలో అంతకు చాల మించి ఒక్కసారి లాగుతుంది. ఆ కుదుపును ఎస్.ఎం.పి.ఎస్. ఓర్చుకోలేకపోతే యంత్రం ఆగుతుంది. అయినా ఇంకా నమ్మకూడదు. లోపం కార్డులోనే ఉన్నా ఇట్లాగే జరగవచ్చు గదా! ప్రయోగశాలలోని మరొక యంత్రంనుంచి ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చి తగిలించాము. పూర్తి శక్తితో రెండు గంటలు నడిచింది. అప్పుడు పాతదాన్ని తిరిగి పెట్టాము. రోగం తిరిగివచ్చింది.

పాతదాన్ని తిరిగిపెట్టి చూడడమనే ఈ మెట్టు నేను విన్న సలహాల్లో ఒక్కదానిలోను లేదు. కొత్త భాగం పెట్టగానే బాగైతే పాతది చెడిందని అందరూ తీర్మానిస్తారు. కాని కొత్తది పెట్టేటప్పుడు తీగలన్నీ ఊడదీసి మళ్ళీ గట్టిగా గుచ్చుతాము. బాగుచేసినది కొత్త భాగమా, గట్టిగా గుచ్చిన తీగా? పాతదాన్ని అదేవిధంగా గట్టిగా గుచ్చి చూచినప్పుడే తెలుస్తుంది. ఖర్చు పది నిమిషాలు.

ఇది ఒక కుర్రవాడి యంత్రం సంగతి. పెద్దలకూ ఇట్టి పొరపాటు జరిగిన ఉదంతం ఒకటి ఉన్నది. ఇంటెల్ సంస్థ 2022లోను, 2023లోను విడుదల చేసిన 13వ, 14వ తరం ప్రాసెసర్లలో వేగవంతమైన రకాలు వాడినవారికి కొన్ని ఆటలు మొదలయ్యే సమయంలో ఒక సందేశం కనిపించేది: వీడియో మెమరీ చాలదు అని. వీడియో మెమరీ ఉండేది గ్రాఫిక్స్ కార్డులో. కనుక సలహాలన్నీ కార్డుమీదికే పోయినవి. డ్రైవరు మార్చమన్నారు, ఆట మళ్ళీ వేయమన్నారు, కార్డే మార్చమన్నారు. కార్డుల్లో ఏ దోషమూ లేదు.

అసలు జరుగుతున్నది వేరు. ఆటకు కావలసిన దత్తాంశం డిస్కులో కుదించి దాచబడి ఉంటుంది. దాన్ని విప్పవలసింది ప్రాసెసర్. విప్పే పనిలో ప్రాసెసర్ ఒక్క బిట్టు తప్పినా, తరువాతి మెట్టుకు అందేది అర్థంలేని సంఖ్య. ఆ సంఖ్యను నమ్మి పైమెట్టు మెమరీ అడుగుతుంది. చాలదని జవాబు వస్తుంది. లెక్కలో రెండవ పంక్తిలో చేసిన తప్పు చివరి పంక్తిలో బయటపడినట్లే. చివరి పంక్తిని ఎన్నిసార్లు దిద్దినా ప్రయోజనమేమి? యంత్రం చూపే సందేశం పని ఎక్కడ ఆగిందో చెప్పుతుంది. తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పదు.

దత్తాంశం విప్పే సాఫ్ట్‌వేరును తయారుచేసిన ర్యాడ్ అనే సంస్థవారు ఇది తమ ప్రోగ్రాములోని లోపం కాదని, ప్రాసెసర్ తప్పు ఫలితాలను ఇస్తున్నదని చెప్పారు. వారు సూచించిన పరీక్ష మెచ్చదగినది. ప్రాసెసర్ గుణకాన్ని 55 నుంచి 53కు తగ్గించి చూడమన్నారు. అనగా వేగాన్ని నూటికి నాలుగు పాళ్ళ లోపు తగ్గించడమే. రోగం మాయమైతే దోషి ఎవరో తెలిసిపోతుంది. కాని ఖర్చు లేని ఈ పరీక్ష కొనుగోలు సలహాలంత విరివిగా వ్యాపించలేదు. 2024 జూలైలో ఇంటెల్ సంస్థ, తన మైక్రోకోడు కొన్ని సమయాల్లో ప్రాసెసర్‌కు ఉండవలసినదానికంటె ఎక్కువ వోల్టేజి కోరుతున్నదని అంగీకరించి, ఆగస్టులో సవరించిన మైక్రోకోడును విడుదల చేసింది. వారంటీని మరి రెండేళ్ళు పొడిగించింది. అధిక వోల్టేజివల్ల అప్పటికే క్షీణించిన ప్రాసెసర్‌ను ఆ సవరణ బాగుచేయలేదు, దాన్ని మార్చవలసిందే. చూడండి, ఇక్కడ భాగం మార్చమనే సలహా కూడ చివరకు సరియైనదే అయింది. మార్చవలసిన భాగం మాత్రం వేరు.

మరొక లోపం సలహాలు పుట్టే చోటుకు సంబంధించినది. వీటిలో అనేకం శీతలదేశాల్లో, గది ఉష్ణోగ్రత 20, 22 డిగ్రీలు ఉండేచోట పుట్టినవి. "ఆటలో ప్రాసెసర్ 75 డిగ్రీలుంటే భయంలేదు" అంటారు. నిజమే, వారి గదిలో. ఒక శీతలీకరణి వెలువరించే ఉష్ణం, ప్రాసెసర్‌కు గాలికి గల ఉష్ణోగ్రతా భేదాన్ని బట్టి ఉంటుంది. కనుక అదే పని చేస్తున్న ప్రాసెసర్‌కు ఆ భేదం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. గది 22, ప్రాసెసర్ 75 అయితే భేదం 53. మే నెలలో బెజవాడలో డాబా కింది గది 42 డిగ్రీలకు చేరితే, అదే ప్రాసెసర్ 95 డిగ్రీలు. ఈనాటి ప్రాసెసర్లు అనేకం 95, 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకొంటవి. వేసవిలో మాత్రమే ఆట నత్తనడక నడుస్తున్నదని చెప్పే కుర్రవాడికి కొత్త ప్రాసెసర్ అమ్మడం అన్యాయం. ఫ్యానులోని దుమ్ము దులిపి, కేబినెట్ పక్క రేకు తీసి, ఎదుట ఒక బల్ల పంకా పెట్టి చూడమనవలెను. వేగం పుంజుకొంటే చిక్కు గాలిదే.

ఎస్.ఎం.పి.ఎస్. మీద ఉండే 80 ప్లస్ ముద్ర విషయంలోను ఇట్టి పొరపాటే. కంచు, వెండి, బంగారు ముద్రలను చూచి నాణ్యతకు గుర్తులని సలహాదారులు చెప్పుతారు. అవి దక్షతకు గుర్తులు. గోడనుంచి తీసుకొన్న విద్యుత్తులో ఎంత భాగం యంత్రానికి అందిందన్నదే ఆ లెక్క. ఆ పరీక్ష 23 డిగ్రీల దగ్గర జరుగుతుంది. పైన చెప్పిన కుదుపులను ఆ పెట్టె ఓర్చుకొంటుందా, లోపలి కెపాసిటర్లు మన వేసవిలో ఎన్నేళ్ళు నిలుస్తవి అన్న ప్రశ్నలకు ఆ ముద్ర జవాబు కాదు. మా విద్యార్థి యంత్రంలో చెడిన పెట్టెకు కంచు ముద్ర ఉన్నది.

ఒక సంగతి ఇక్కడే చెప్పవలెను. కేబినెట్‌ను ముట్టుకొంటే జివ్వుమంటున్నదని అడిగేవారికి చెప్పులు వేసుకొని ఆడమని సలహా ఇచ్చేవారున్నారు. ఆ సాకెట్టుకు ఎర్త్ లేదన్నమాట. ఎస్.ఎం.పి.ఎస్. లోపల రెండు తీగలనుంచి రేకుకు చిన్న కెపాసిటర్లు ఉంటవి. ఎర్త్ లేనప్పుడు ఆ రేకు 230 వోల్టులలో సగం, అనగా సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ప్రవాహం అతిస్వల్పం కనుక జివ్వుమని వదులుతుంది. కాని లోపల ఏదైనా తెగి రేకుకు తగిలిన రోజున కాపాడేది ఆ ఎర్తే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాన్ని సరిచేయించవలెను. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం విద్యార్థులు ఎన్నడూ విప్పరాదు. తీగ తీసిన తరువాత కూడ లోపలి కెపాసిటర్‌లో ప్రమాదకరమైన ఆవేశం నిలిచి ఉండవచ్చు.

మంచి సలహాలు లేకపోలేదు. యంత్రం అసలు ప్రారంభం కానప్పుడు ప్రాసెసర్, ఒక ర్యామ్ పలక, ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం ఉంచి, తక్కినవి ఒక్కొక్కటిగా చేర్చమనే పాత సలహా శాస్త్రసమ్మతమైనది. ర్యామ్‌ను అనుమానించేముందు మెమ్‌టెస్ట్ ప్రోగ్రామును రాత్రంతా నడపమనడం కూడ అట్టిదే.

వేగం పెంచుకోవడానికి ఇచ్చే సలహాలు ఇంతకంటె బలహీనమైనవి. ఫలానా ప్రాసెసర్‌కు ఫలానా కార్డు తగదు, నూటికి ఇరవైపాళ్ళు వృథా అని రెండు పేర్లు మాత్రమే చూచి చెప్పుతారు. ఆట ఏది, తెర ఎంత అని అడగరు. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక్కొక్క ఫ్రేముకు ప్రాసెసర్ పని 14 మిల్లీసెకన్లు, కార్డు పని 10 మిల్లీసెకన్లు అనుకొందాం. రెండూ ఇంచుమించు సమాంతరంగా నడుస్తవి కాబట్టి ఫ్రేము కాలాన్ని నిర్ణయించేది పెద్దదైన 14. సెకనుకు 71 ఫ్రేములు. రెట్టింపు వేగంగల కార్డు కొంటే దాని పని 5 మిల్లీసెకన్లకు దిగుతుంది. ఫ్రేములు మాత్రం అవే 71. ఇప్పుడు 1920కి 1080 తెరను తీసి, 3840కి 2160 తెర పెట్టండి. బిందువులు నాలుగింతలైనవి. పాత కార్డు పని 32 మిల్లీసెకన్లకు పెరిగిందనుకొంటే ఫ్రేములు 31. ఇక్కడ రెట్టింపు వేగంగల కార్డు పెడితే 16 మిల్లీసెకన్లు, అనగా 62 ఫ్రేములు. ప్రాసెసర్ అదే, కార్డులూ అవే. ఒక తెరమీద పెట్టిన ఖర్చంతా వృథా, మరొక తెరమీద రెట్టింపు ఫలితం! పేర్లు చూచి శాతం చెప్పడం ఎట్లా సాధ్యం? మెరుగుపరచని భాగమే మొత్తం లాభానికి హద్దు విధిస్తుందని 1967లో జీన్ ఆమ్‌డాల్ సమాంతర గణన విషయంలో చూపించాడు. ఈ లెక్కలో పనిచేసేదీ అదే తర్కం.

దీనికి పరీక్ష ఆటలోనే ఉన్నది. తెర విభేదనాన్ని తగ్గించి ఫ్రేములను లెక్కించవలెను. ఫ్రేములు గణనీయంగా పెరిగితే హద్దు కార్డుది. పెరగకపోతే ప్రాసెసర్‌దో, ర్యామ్‌దో.

మా విద్యార్థికి ఎస్.ఎం.పి.ఎస్. మార్చడానికి అయిదు వేల రూపాయలయింది. మిగిలిన డబ్బు చూచుకొని, "వేగం కోసమైనా ఆ కార్డు కొనుక్కోమంటారా సార్?" అని మళ్ళీ వచ్చాడు. 1920కి 1080 తెరమీద అతని ఆట 58 ఫ్రేములు చూపింది. విభేదనాన్ని 1280కి 720కు తగ్గించమన్నాను. 60 చూపింది. కార్డు ఊసు అక్కడితో ఆగింది. కేబినెట్ తెరిచి చూస్తే లోపల ఒకే ర్యామ్ పలక ఉన్నది. దానిమీద 3200 అని అచ్చు వేసి ఉన్నది, బయాస్ చూపింది 2666. కొన్ననాటినుంచి ఎవరూ ఎక్స్.ఎం.పి. అమరికను తెరిచిన పాపాన పోలేదు. దాన్ని ఆ పూటే సరిచేశాము. ఒకే పలక ఉన్నంతకాలం మెమరీకిగల రెండు దారుల్లో ఒకటి ఖాళీగా ఉంటుంది. 3200 రకానికి ఒక దారిలో సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు దారుల్లో 51.2. రెండవ పలక తెచ్చుకోమన్నాను, కాని వెంటనే వద్దన్నాను. మొదటి మార్పువల్ల ఎన్ని ఫ్రేములు పెరిగినవో వారంపాటు పుస్తకంలో రాసుకొన్న తరువాతనే తెమ్మన్నాను.