చంకనొకరు, బండిలో ఒకరు

పెద్దదానికి రెండేళ్లు దాటాయి. చిన్నవాడికి ఇంకా నెల నిండలేదు. పురిటికి కల్యాణసింగ్‌పూర్ వచ్చిన మా అమ్మాయి పత్యం అన్నం తింటూనే ఫోనులో జంట బండ్లు చూస్తోంది. ఇద్దరు పిల్లల్ని ఒకేసారి కూర్చోబెట్టి తోసుకెళ్లే బండ్లు. పక్కపక్కనే సీట్లున్నవి కొన్ని, ముందొకటి వెనకొకటి ఉన్నవి కొన్ని, పైనొకటి కిందొకటి ఉన్నవి మరికొన్ని. "అమ్మా, విశాఖ వెళ్లాక ఈ ఇద్దర్నీ వేసుకుని నేనొక్కదాన్నే బయటికెలా వెళ్లాలి?" అని అడిగింది. చిన్న ప్రశ్నేం కాదది. ఇంట్లో సాయానికి మరో మనిషి లేని ప్రతి తల్లికీ రెండో కాన్పు తర్వాత ఎదురయ్యేదే. టీకాకి వెళ్లాలి, కూరలు తెచ్చుకోవాలి, పెద్దదాన్ని కాసేపు పార్కులో ఆడించాలి. ఉన్నవి రెండే చేతులు. దానితో పాటు నేనూ ఆ బండ్ల వెతుకులాటలో పడ్డాను.

మా ఊరు నియమగిరి కొండల దాపున, నాగావళి ఒడ్డున ఉంటుంది. రాయగడ జిల్లా. 1992 దాకా కొరాపుట్ జిల్లాలో భాగమే. 1936లో ఒడిశా ఏర్పడక ముందు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. అందుకే రాయగడ, జయపురం చుట్టుపక్కల మాలాంటి తెలుగు ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. మా ఇళ్లలో పిల్లల బండి అంటే నడక నేర్పే మూడు చక్రాల చెక్క బండి ఒక్కటే. అది పిల్లలు తోసుకునే బండి. పిల్లల్ని కూర్చోబెట్టి మనం తోసే బండి ఈ వీధుల్లో నా చిన్నతనంలో చూసిన గుర్తు లేదు. పిల్లల్ని ఎత్తుకుని ఎంత దూరమైనా నడవడం తెలిసినవాళ్లు మాత్రం మా ఊరి పైనే, కొండ మీద ఉన్నారు.

సంత రోజున చూడాలి డొంగరియా కోందు తల్లుల్ని. పసుపు, అల్లం, అనాస పళ్లు గంపలకెత్తుకుని కొండ దిగి వస్తారు. మొన్న ఒకామె మా అరుగు మీద గంప దించి, బిడ్డకి పాలిచ్చి, తిరిగి కట్టుకుంటుంటే పక్కనే కూర్చుని చూశాను. గుడ్డ ఒక భుజం మీంచి అవతలి నడుం కిందికి వచ్చింది. బిడ్డని అందులోకి దించి, పిర్రలు గుడ్డ అడుగుకి ఆనేదాకా ఒకసారి మెల్లగా కుదిపింది. మోకాళ్లు రెండూ పైకి వచ్చి కాళ్లు ఎడంగా ఆమె నడుముని కరుచుకున్నాయి. మెడ వెనక గుడ్డ అంచుని చెవి దాకా లాగింది. చివర్న చూపుడు వేలితో బిడ్డ గడ్డం కాస్త పైకెత్తి చూసింది. అప్పుడు గాని ముడి బిగించలేదు. అంతా అయ్యేసరికి మనం చీర కుచ్చిళ్లు దోపుకునేంత సేపు కూడా పట్టలేదు. గంప నెత్తికెత్తుకుంది, పెద్దపిల్ల చెంగు పట్టుకుంది, ముగ్గురూ నడుచుకుంటూ వెళ్లిపోయారు.

ఆ గడ్డం ఎత్తి చూడడం దగ్గరే నేను ఆగిపోయాను. పసికందుకి తల బరువెక్కువ, మెడకి బలం తక్కువ. నాలుగో నెల వచ్చేదాకా మెడ గట్టిగా నిలవదు. చేరగిలబెట్టి కూర్చోబెడితే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి అంటుకుపోతుంది. ఊపిరి దారి నొక్కుకుపోతుంది. ఏడవడానికి కూడా గాలి చాలదు కాబట్టి పక్కనున్న తల్లికి నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. 2010 మార్చిలో అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, భుజాన వేసుకునే జోలె సంచుల్లో నాలుగు నెలల లోపు పిల్లల్ని పెట్టేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని ఈ కారణంతోనే హెచ్చరించింది. గుడ్డ బిగువుగా ఉండాలి, బిడ్డ ముఖం ఎప్పుడూ కనబడాలి, తల వంచితే ముద్దు అందాలి, గడ్డం ఛాతీకి తగలకూడదు, వీపుకి ఆసరా ఉండాలి అని బ్రిటన్‌లో తల్లులకి చెబుతారు. ఈ ఐదూ మా అరుగు మీద ఆ తల్లి చేతుల్లో చూశాను. ఆ నేర్పుకి నేను చేతులెత్తి మొక్కుతాను.

కాళ్లు ఎడంగా ఉండడం కూడా ఊరికే కాదు. పురిటి గదిలో బిడ్డని కాళ్లు చాపి గుడ్డలో బిర్రుగా చుట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. కాళ్లు తిన్నగా పెరుగుతాయని పెద్దవాళ్ల నమ్మకం. నిజానికి తుంటి కీలు గిన్నెలో సరిగా కుదురుకునే వయసు అది. కాళ్లు చాపి కట్టేస్తే కీలు పక్కకి జారే ప్రమాదం పెరుగుతుంది. జపాన్‌లో 1970ల నడుమ నుంచి ఈ అలవాటు మాన్పించడానికి దేశవ్యాప్తంగా ప్రచారం చేశారు, తుంటి జారిన పిల్లల సంఖ్య బాగా తగ్గింది. మా చిన్నవాడికి చేతులు చుట్టినా కాళ్లు వదిలెయ్యమని స్నానం పోసే ముసలమ్మకి రోజూ చెబుతున్నాను. రోజూ చెప్పాల్సి వస్తోంది.

ఇక బండి సంగతి. ఇద్దరు పిల్లల్ని ఒక్క మనిషి మోసే సాధనం మనకి కొత్త కాదు. కావడి ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ఒడిశాలోనే, జాజ్‌పూర్ జిల్లా ఇటుక బట్టీలో పని ఆగిపోయి కూలి డబ్బులందని ఒక తండ్రి, ఇద్దరు చిన్న కొడుకుల్ని కావడికి చెరో గంపలో కూర్చోబెట్టుకుని మయూర్‌భంజ్‌లోని సొంతూరికి దాదాపు 160 కిలోమీటర్లు నడిచాడు. కూతురు తల్లితో పాటు నడిచింది. పేపర్లో ఆ ఫోటో చూసినప్పుడు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఇప్పుడు తలుచుకున్నా అంతే.

కావడి మోసేవాళ్లకి రెండు వైపులా బరువు సమంగా ఉండాలి. మా ఇంట్లో పెద్దది పన్నెండు కిలోలు, చిన్నవాడు మూడున్నర. ఈ తేడాయే జంట బండ్లన్నిటికీ చిక్కు. పక్కపక్క సీట్ల బండి బరువున్న వైపుకి లాగుతుంది. గతుకుల దారిలో తోసేవాళ్ల మణికట్టు అస్తమానం దాన్ని సరిచేస్తూ ఉండాలి. ముందూ వెనకా సీట్లున్న దాంట్లో పెద్దదాన్ని ముందు కూర్చోబెడితే గట్టు ఎక్కించడానికి ముందు చక్రాలు లేవవు. సరే, ఎలాగో ఎక్కించాం అనుకుందాం. పెద్దది మధ్యలో దిగి పరుగెత్తిందా, పిడికి తగిలించిన కూరల సంచీ బరువుకి బండి వెనక్కి తిరగబడుతుంది, పసివాడితో సహా. పైనా కిందా సీట్లున్న వాటిలో కింద పడుకున్నవాడి ముఖం తల్లికి కనబడదు. నాకైతే ఆ రకం అసలు మనసొప్పలేదు.

పసికందుకి సీటు పూర్తిగా వెల్లకిలా పరుచుకోవాలి. కనీసం ఆరు నెలలు నిండేదాకా అంతే. రెండు సీట్లున్నంత మాత్రాన రెండూ అలా పరుచుకోవు. చాలా బండ్లలో రెండో సీటు వాలుగా ఆగిపోతుంది. కొనేవాళ్లు రంగూ గుడ్డా చూసే ముందు ఆ సీటుని వెనక్కి వాల్చి, మీద అరచెయ్యి ఆనించి చూడాలి. చెయ్యి నేలకి సమంగా ఆనితేనే అది పసివాడి సీటు. తర్వాత చక్రాలు. చిన్న గట్టి ప్లాస్టిక్ చక్రాలు మాల్‌లో నున్నగా దొర్లుతాయి, మన కంకర మీద కూరుకుపోతాయి. బ్రేకు ఒక్క కాలితో ఒక్క నొక్కుకి పడాలి, ఎందుకంటే ఆ సమయానికి చేతిలో ఒక పిల్ల ఉంటుంది. భుజాలకీ నడుముకీ కాళ్ల మధ్యకీ కలిపి ఐదు చోట్ల పట్టే బెల్టు ఉండాలి. జంట బండి బరువు పన్నెండు, పదిహేను కిలోల దాకా ఉంటుంది. కోత కోయించుకున్న తల్లి దాన్ని మడిచి ఆటోలో ఎక్కించగలదా? ఈ ప్రశ్న ఏ ప్రకటనలోనూ రాదు.

వెడల్పు సంగతి అల్లుడుగారు తేల్చారు. పక్కపక్క సీట్ల బండి రెండున్నర అడుగులు ఉంటుంది. వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు టేపు పెట్టి కొలిస్తే అంత లేదు. పొడుగు బండి లిఫ్టులో పడుతుంది గాని లోపల మరో మనిషి నిలబడడానికి చోటుండదు. తోసే తల్లి ఎక్కడుండాలి?

పిల్లల బండి పుట్టినప్పుడే దానికి చదునైన బాట సిద్ధంగా ఉంది. 1733లో ఇంగ్లండ్‌లో డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం తోటలు తీర్చే విలియం కెంట్ దాన్ని చేయించాడు, మేకో పొట్టి గుర్రమో లాగేలా. సామాన్యుల చేతికి తేలికైన బండి రావడానికి రెండు వందల ఏళ్లు పైనే పట్టింది. స్పిట్‌ఫైర్ విమానం చక్రాల చట్రం మీద పనిచేసిన ఓవెన్ మెక్‌లారెన్ అనే ఇంజినీరు, అమెరికా నుంచి బిడ్డతో వచ్చిన కూతురు బరువు బండితో పడే అవస్థ చూశాడు. 1965లో అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండికి రూపం ఇచ్చాడు. మూడు కిలోల లోపే. కూతురి చేతుల నొప్పి చూసి పని మొదలుపెట్టిన ఆ తాతగారంటే నాకు గౌరవం.

మన దగ్గర జంట బండి పని చేస్తున్నది మోటారు సైకిలు. పెద్దది తండ్రి ముందు ట్యాంకు మీద, చిన్నది వెనక తల్లి ఒళ్లో. రాయగడ రోడ్డు మీద గంటసేపు నిలబడితే ఈ దృశ్యం ఎన్నిసార్లు కనబడుతుందో చెప్పలేను. నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి నడిపేవాళ్ల ఒంటికి కట్టే బెల్టు ఉండాలని, తొమ్మిది నెలలు దాటినవాళ్లకి హెల్మెట్ ఉండాలని, వేగం గంటకి 40 కిలోమీటర్లు మించకూడదని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిబంధన పెట్టింది. ఏడాది తర్వాత అది అమల్లోకి వచ్చింది. ఆ బెల్టు కట్టుకున్న పిల్లని నేను మా వైపు ఇంకా చూడలేదు. జంట బండికి పెట్టే డబ్బులో చిన్న వంతుకి ఆ బెల్టూ పిల్ల హెల్మెట్టూ వస్తాయి. తోసే బండికన్నా ముందు అవి కొనండి. బతిమాలి చెబుతున్నాను.

అన్నీ చూశాక అమ్మాయికి నా మాట ఇదీ అని చెప్పాను. జంట బండి వద్దు. పసివాడు నీ ఒంటి మీద, పెద్దది ఒక్క సీటు బండిలో. ఒంటి మీద మోస్తే పిల్లలు తక్కువ ఏడుస్తారని పాతకాలం వాళ్లం అనుకోవడమే కాదు, 1986లో మాంట్రియల్ వైద్యులు లెక్కగట్టి చూపించారు. రోజూ మామూలుకన్నా ఎక్కువసేపు ఎత్తుకున్న పసివాళ్లు ఆరు వారాల వయసులో 43 శాతం తక్కువ ఏడ్చారు. పెద్దదానికి కొనే బండి సీటు మాత్రం తల్లి వైపు తిరిగేది కావాలన్నాను. ముఖాముఖి కూర్చున్న పిల్లలతో తల్లిదండ్రులు రెట్టింపుకి పైగా మాట్లాడతారని 2008లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం వాళ్లు గమనించారు. తమ్ముడు పుట్టి అమ్మ ఒడి పోగొట్టుకున్న రెండేళ్ల పిల్లకి ఆ మాటలు ఎంత అవసరమో రోజూ చూస్తున్నాను. తమ్ముణ్ని ఎత్తుకోగానే తనూ చేతులు చాస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్లలోకి చూస్తూ కబుర్లు చెబితే ఊరుకుంటుంది.

అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. "ఎండాకాలం విశాఖ ఉక్కలో వాణ్ని ఒంటికి కట్టుకుంటే ఇద్దరం ఉడికిపోమా?" అంది. న్యాయమైన మాట. మందంగా దూది పెట్టి కుట్టిన సంచీలు ఎండలో పనికిరావు. పల్చటి నేత గుడ్డ ఒక్క పొరే కావాలి, పొద్దెక్కక ముందే తిరిగి రావాలి. కవలల తల్లి అయితే నేనూ జంట బండే కొనమంటాను. ఇద్దరూ ఒకే బరువు, ఇద్దరూ నడవరు, ఇద్దర్నీ మొయ్యడం కుదరదు. రెండేళ్ల పిల్ల అలా కాదు. ఏడాది తిరిగేసరికి బండెక్కమన్నా ఎక్కదు.

ఒక్క సీటు బండికైనా దారి కావాలి కదా. ఆసుపత్రికి మెట్లు, బ్యాంకుకి మెట్లు, ఫుట్‌పాత్ ఉన్నచోట అడుగు ఎత్తున గట్టు. ప్రజలు వాడే భవనాలకి వాలుదారి ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. చక్రాల కుర్చీకి వేసిన వాలు మీదే పిల్లల బండీ వెళుతుంది, కర్ర పట్టుకున్న ముసలాయనా వెళతాడు. కొండ ఊళ్ల నుంచి నిండు గర్భిణుల్ని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చే రోజులు మా జిల్లాలోనూ, అవతల అల్లూరి జిల్లాలోనూ ఇంకా పోలేదు. ఆ కొండ దారి ముందు పడాలి. నా మనవడి బండికి వాలు తర్వాతే అడుగుతాను. కానీ అడుగుతాను. మెట్ల పక్కన సిమెంటు వాలు వెయ్యడానికి పెద్ద నిధులేం అక్కర్లేదు, తలుచుకునే అధికారి ఒక్కరుంటే చాలు.

మూడో నెలలో వీళ్లు విశాఖ బయల్దేరతారు. ఈలోగా రోజూ సాయంత్రం పాత నూలు చీరతో కట్టడం నేర్చుకుంటోంది. మొదట ఆరు కిలోల బియ్యం మూటతో, తర్వాత నేను చెయ్యి ఆనించి ఉండగా బిడ్డతో. ముడి బాగానే వేస్తోంది, గుడ్డే ఇంకా కాస్త వదులుగా ఉంటోంది. ఒక్క సీటు బండి అల్లుడుగారు అక్కడే కొంటారు. సీటు అటూ ఇటూ తిరగాలని, చక్రం పెద్దదై ఉండాలని, మడిచాక ఒంటి చేత్తో లేవాలని కాగితం మీద రాసి పంపాను. వాడికి మెడ నిలిచాక మళ్లీ కూర్చుని ఆలోచిస్తాం.