ప్యాకెట్‌లో లేని సగం

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి "2030 స్టీరియో బోర్డు ఇవ్వండి భయ్యా" అంటే చాలు. కౌంటర్ వెనకున్న కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే ఓ చిన్న ప్లాస్టిక్ కవరు ముందుకు తోస్తాడు. రంధ్రాలు పొడిచిన బోర్డు, రంగు గీతల రెసిస్టర్లు గుప్పెడు, కొన్ని కెపాసిటర్లు, అయిదేసి కాళ్ల ఐసీలు రెండు. సరుకంతా ఇంతే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో, ముంబై లామింగ్టన్ రోడ్‌లో అడిగినా ఇలాంటి కవరే చేతికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్నే యాంప్లిఫయర్ కిట్ అనుకుంటారు. తప్పులేదు, అమ్మేవాళ్లూ అలాగే అంటారు. కానీ అందులో ట్రాన్స్‌ఫార్మర్ లేదు, హీట్ సింక్ లేదు, ఫ్యూజు లేదు, డబ్బా లేదు. ఏ తీగ ఎక్కడికి పోవాలో చెప్పే కాగితం ఉంటే అదృష్టమే. యాంప్లిఫయర్‌లో అసలైన సగం ఆ లేనివాటిలోనే ఉందని నేనంటాను. బోర్డు పని ఒక్కపూటలో అయిపోతుంది. ఆ తర్వాత హమ్ (ఆగకుండా గుంయ్‌మనే శబ్దం) వచ్చినా, ఐసీ కాలినా, స్పీకరు పోయినా కారణం చాలావరకు కవరు బయటే దొరుకుతుంది.

విడిభాగాలు అమ్మి, బిగించే పని కొన్నవాళ్లకే వదిలేసే ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలోని హీత్‌కిట్. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ఎలక్ట్రానిక్ సామాను కొనిపెట్టుకుని, 1947లో ఆసిలోస్కోప్ కిట్ ఒకటి 39 డాలర్ల 50 సెంట్లకు అమ్మకానికి పెట్టారు. అది బాగా పోవడంతో రేడియోలు, యాంప్లిఫయర్లు వరుసకట్టాయి. సామాను ఎవరైనా సమకూర్చగలరు. వాళ్ల ఘనతంతా మాన్యువల్‌లో ఉంది. తీగ ఎంత పొడవు కత్తిరించాలి, ఏ పిన్నుకు చుట్టాలి, ఇప్పుడే సోల్డర్ పెట్టాలా, ఇంకో తీగ వచ్చేదాకా ఆగాలా అని ఒక్కో పనీ విడివిడిగా రాసి, అయిపోయాక టిక్కు పెట్టుకోవడానికి పక్కనే ఖాళీ చోటు వదిలేవారు. 1959లో డేవిడ్ హాఫ్లర్ నడిపిన డైనాకో కంపెనీ స్టీరియో 70 అనే వాల్వు యాంప్లిఫయర్ తెచ్చింది. చిక్కైన భాగాన్ని ఫ్యాక్టరీలోనే బోర్డు మీద బిగించి పంపడంతో అది లక్షల్లో అమ్ముడుపోయింది. మన దగ్గర సర్క్యూట్లకు కరువు లేదు. 1969లో మొదలైన ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ లాంటి పత్రికలు వాటిని నెలనెలా అచ్చేశాయి. హీత్‌కిట్ తరహా మాన్యువల్ మాత్రం మన బజారు కవరులోకి ఎన్నడూ ఎక్కలేదు. కాబట్టి ఆ టిక్కుల కాగితం ఎవరిది వాళ్లే రాసుకోవాలి.

మన బజారులో మొదటి కిట్ అంటే రెండే అంకెలు వినిపిస్తాయి: 4440, 2030. సాన్యో కంపెనీ ఎల్‌ఏ 4440 కారు స్టీరియోల కోసం తయారైన ఐసీ. 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే పాడేస్తుంది, అందుకే బండ్లలో దానికంత గిరాకీ. రెండు చానళ్లకు ఆరేసి వాట్లు, రెండింటినీ జతచేసి ఒకే స్పీకరుకిస్తే 19. ఇంట్లో వినడానికి, అందులోనూ నేర్చుకోవడానికి, నా ఓటు టీడీఏ 2030కి. దాని చుట్టూ పట్టుమని పదిహేను భాగాలుండవు. పైగా డేటాషీట్‌లో తయారీదారు గీసిన సర్క్యూటే ఇంచుమించుగా మన బోర్డు మీదా ఉంటుంది. కాగితాన్నీ బోర్డునూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

అలా చూస్తే రెండు రెసిస్టర్లు ప్రత్యేకంగా కనిపిస్తాయి. ఎరుపు, ఎరుపు, నారింజ గీతలున్నది 22 కిలో ఓములు. నీలం, బూడిద, గోధుమ గీతలున్నది 680 ఓములు. బయటికి పోయే సిగ్నల్లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి లోపలికొచ్చేదాంతో పోల్చి చూసే జోడీ ఇది. 22,000ను 680తో భాగించి ఒకటి కలపండి: 33 చిల్లర. లోపలికొచ్చిన వోల్టేజీ అన్ని రెట్లై బయటికి వస్తుందన్నమాట. ఐసీని దాని మానాన వదిలేస్తే ఆ పెంపు 30 వేల రెట్ల దాకా ఉంటుంది, కానీ నిలకడ ఉండదు. అంత బలాన్ని కావాలనే వదులుకుని, బదులుగా వక్రీకరణ తగ్గించుకోవాలన్న ఆలోచన బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్‌కు 1927 ఆగస్టు 2న, ఆఫీసుకు వెళ్తూ హడ్సన్ నది మీద ఫెర్రీలో ఉండగా తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీసుకున్నాడు. పేటెంటు చేతికొచ్చేసరికి 1937 అయింది. ఆ ఆలోచన మొత్తం ఇప్పుడు చిల్లర ఖరీదు చేసే రెండు రెసిస్టర్లలో ఉంది. వీటిని తారుమారు చేసి బిగిస్తే పెంపు ఒకటికి పడిపోతుంది. పెంపు మరీ తక్కువైతే ఈ ఐసీకి స్థిమితం పోతుంది. చెవికి వినిపించని పౌనఃపున్యంలో ఊగిపోతూ, పాటేమీ లేకుండానే కాలిపోయేంత వేడెక్కుతుంది. అందుకే రంగులు చదవడం వచ్చినా సరే, ప్రతి రెసిస్టరునూ మల్టీమీటరుతో కొలిచాకే పెట్టాలి. ఆ గోధుమ, ఎరుపు, నారింజ గీతలు ట్యూబులైటు వెలుగులో ఒకేలా కనబడతాయి.

సోల్డరింగ్ గురించి జనం అనవసరంగా భయపడతారు. 25 వాట్ల ఐరన్, లోపల ఫ్లక్స్ ఉన్న 60/40 సోల్డర్ తీగ చాలు. వేడి చెయ్యాల్సింది భాగం కాలునూ బోర్డు మీది రాగినీ. సోల్డర్ వాటిని తాకి కరగాలి. ఐరన్ మొన మీద కరిగించి తెచ్చి పూస్తే పైకి అంటుకున్నట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. టీవీ మెకానిక్కులు డ్రై సోల్డర్ అని తిట్టుకునేది దాన్నే. పొట్టి భాగాలు ముందు, పొడుగువి తర్వాత. ఐసీని మాత్రం ముందు హీట్ సింక్‌కు బిగించి, ఆ తర్వాతే కాళ్లు సోల్డర్ చెయ్యాలి. లేదంటే స్క్రూ బిగించేటప్పుడు కాళ్ల మీద ఒత్తిడి పడుతుంది. ఈ సోల్డర్ తీగలో సీసం ఉంటుంది, పని కాగానే చేతులు కడుక్కోవాలి.

హీట్ సింక్ దగ్గరే కొత్తవాళ్ల ఐసీలు ఎక్కువగా పోతాయి. 2030 వెనకనుండే లోహపు రేకు లోపల మైనస్ సప్లయికి కలిపి ఉంటుంది. ఐసీని నేరుగా అల్యూమినియానికి బిగించి, ఆ అల్యూమినియాన్ని ఇనప డబ్బాకు స్క్రూ వేసి, డబ్బాను ఎర్త్‌కు కలిపామనుకోండి. మైనస్ సప్లయి పోయి గ్రౌండ్ మీద పడినట్టే. మధ్యలో పలుచటి మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ బుష్, కాస్త థర్మల్ పేస్టు పెడితే ఈ బాధ లేదు. అయినా పెట్టాక మీటరుతో ఒకసారి చూడాలి, మైకా చీలి ఉండొచ్చు.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. కొట్లో 2030 బోర్డు కొన్నవాళ్లకు అలవాటుగా, మధ్య తీగకు అటూ ఇటూ 12 వోల్టులిచ్చే 12-0-12 చేతికిస్తారు. లెక్క చూద్దాం. 12 వోల్టుల ఏసీని డయోడ్లతో మార్చి కెపాసిటరులో నింపితే దాని శిఖరం, అంటే 1.41 రెట్లు, దక్కుతుంది. డయోడ్ల దగ్గర పోయేది తీసేస్తే అటు ప్లస్ 16, ఇటు మైనస్ 16. బాగానే ఉంది. కానీ పాట లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రాసినదానికన్నా ఎక్కువే ఇస్తుంది. రాత్రి పొద్దుపోయాక లైన్లో 230 బదులు 250 వోల్టులు రావడమూ మనకు కొత్త కాదు. రెండూ కలిస్తే 18 దాటుతుంది. మామూలు 2030 తట్టుకునే గరిష్ఠం సరిగ్గా 18. చివర 'ఏ' అక్షరం ఉన్న 2030ఏ రకం 22 దాకా తట్టుకుంటుంది. కాబట్టి కళ్లద్దాలు సరిచేసుకుని ఐసీ మీది అక్షరం చూడండి, అది లేకపోతే 9-0-9 తీసుకోండి. తగ్గే శబ్దం మీరనుకున్నంత ఉండదు, ఎందుకో కింద చెబుతాను. 3 యాంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌కు 5408 డయోడ్లు నాలుగు, అటూ ఇటూ 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఒక్కోటి. 12-0-12 అయితే ఆ కెపాసిటర్లు 35 వోల్టులవి ఉంటే నిశ్చింత. 230 వోల్టుల వైపు ఫ్యూజు, మూడు పిన్నుల ప్లగ్గు, డబ్బాకు ఎర్త్: ఇందులో బేరం లేదు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బును మించిన పరికరం లేదు. ఫేజ్ తీగకు వరసలో 40 వాట్లో 60 వాట్లో పాతకాలపు ఫిలమెంటు బల్బు పెడతారు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి, కెపాసిటర్లు నిండగానే మసకబారితే అంతా సవ్యం. అలాగే భగ్గున వెలుగుతూ ఉండిపోతే లోపల ఎక్కడో షార్ట్. కరెంటు మితిమీరకుండా బల్బే ఆపింది కాబట్టి ఐసీ బతికే ఉంటుంది. ఎల్ఈడీ బల్బుతో ఈ పని జరగదు. దీని తర్వాత కూడా స్పీకరు జోలికి పోకూడదు. ముందు స్పీకరు పాయింట్ల మధ్య డీసీ కొలవాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులైతే సరే. వోల్టుల్లో చూపిస్తే ఏదో తేడా ఉంది; స్పీకరు కలిపితే దాని కాయిల్ కాలుతుంది.

ఇంత చేశాక పాట వస్తుంది. పాటతో పాటు హమ్మూ వస్తుంది. కిట్ కట్టినవాళ్లలో సగంమంది ఇక్కడే విసిగి దాన్ని అటకెక్కిస్తారు. అసలు విద్యంతా ఇక్కడే ఉంది కాబట్టి అది చూస్తే నాకు బాధ. వీధిలో ఒకే సర్వీసు వైరు మీద రెండిళ్లుంటే పక్కింటివాళ్లు మోటారు వేయగానే మన లైటు తగ్గుతుంది. డబ్బా లోపల జరిగేదీ అదే. కెపాసిటర్లు సెకనుకు వంద సార్లు పెద్ద పెద్ద గుటకల్లో కరెంటు తాగుతాయి. ఆ కరెంటు పోయే గ్రౌండ్ తీగ మీదనే సన్నటి పాట సిగ్నల్ గ్రౌండ్ కూడా ఆధారపడితే, తీగలో పడే ఆ కొద్దిపాటి వోల్టేజీ పాటకు కలిసి, 33 రెట్లై స్పీకరులోకి వస్తుంది. మందు: ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ ముందు రెండు కెపాసిటర్ల నడిమి చోటికి రావాలి. అక్కణ్నుంచి ఒక పొట్టి తీగ ఒకే గ్రౌండ్ పాయింటుకు. బోర్డు, స్పీకర్లు, ఇన్‌పుట్ ఒక్కోటీ తన సొంత తీగతో ఆ పాయింటుకే చేరాలి.

హమ్ ఎక్కడిదో తేల్చుకోవడానికి సులువైన పరీక్షలున్నాయి. వాల్యూమ్ సున్నాకు తిప్పినా హమ్ తగ్గకపోతే నేరం సప్లయిదీ గ్రౌండ్‌దీ. వాల్యూమ్‌తో పాటు పెరిగి తగ్గుతుంటే ఇన్‌పుట్ తీగది; షీల్డు ఉన్న తీగ వేసి ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా తిప్పాలి. వాల్యూమ్ కంట్రోల్ లోహపు ఒంటిని వేలితో ముట్టుకుంటే హమ్ తగ్గిందా, దాన్ని గ్రౌండ్ చెయ్యడం మరిచారు. వాల్యూమ్ కంట్రోల్ మాటొచ్చింది కాబట్టి: మన కొట్లలో దొరికేవాటిలో 'ఏ' అక్షరం ఉన్నది లాగరిథమిక్, 'బీ' ఉన్నది లీనియర్. బీ బిగిస్తే కొద్దిగా తిప్పగానే ఇల్లంతా దద్దరిల్లి, ఆపైన ఎంత తిప్పినా మార్పే తెలియదు.

ఇప్పుడు వాట్ల సంగతి. బజారులో సగం స్పీకర్ల మీద వేల వాట్ల పీఎంపీవో స్టిక్కర్లుంటాయి; అవి చదవడానికి తప్ప వినడానికి పనికిరావు. 16 వోల్టుల సప్లయిలో ఐసీ తనకోసం ఉంచుకునేది పోను 13 వోల్టుల శిఖరం అందుతుందనుకుంటే, 8 ఓముల స్పీకరుకు ముట్టేది పది వాట్ల పైచిలుకు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది చిన్న తేడా. ఒక వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు తీసేసి 91 ఇచ్చేది పెడితే యాంప్లిఫయర్‌ను రెట్టింపు చేసినంత పని అవుతుంది. అందుకే చేతిలో ఇంకో వెయ్యి ఉంటే బోర్డు మీద పెట్టకండి, స్పీకరు మీద, దాని పెట్టె మీద పెట్టండి. పది వాట్లు పడకగదికీ హాలుకీ సరిపోతాయి. పెళ్లిపందిరికి మైక్ సెట్ వాళ్లున్నారు.

డబ్బు ఆదా చెయ్యడానికి ఇది కడదామనుకునేవాళ్లకు ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్, డబ్బా, హీట్ సింక్ అన్నీ కలిపితే ఇంతకంటే చవగ్గా తయారుగా ఉన్న బ్లూటూత్ యాంప్లిఫయర్ దొరుకుతుంది. అది మూగబోతే తీసుకెళ్లి పారెయ్యడమే. ఇది మూగబోతే ఏ బిందువు దగ్గర ఎన్ని వోల్టులుండాలో మీకు తెలుసు, మీటరు పట్టుకుని ఒక్కో చోటు చూసుకుంటూ పోతారు.

ఒకటి చక్కగా పాడాక చాలామందికి మనసు వాల్వుల మీదికి పోతుంది. ఆ వెచ్చటి వెలుగు, పేరు, ధర అన్నీ కలిసి లాగుతాయి. నేనైతే దానికి ముందు ఎల్‌ఎం 3886 అనే ఐసీతో ఒకటి కట్టమంటాను: పద్ధతి ఇదే, బలం ఎక్కువ, అతిగా వేడెక్కినా షార్ట్ అయినా తనను తాను కాపాడుకునే ఏర్పాటు లోపలే ఉంది. నకిలీలు ఎక్కువ కాబట్టి నమ్మకమైన కొట్లోనే కొనాలి. స్టీరియో 70 లాంటి వాల్వు యాంప్లిఫయర్‌లో మాత్రం నాలుగు వందల వోల్టుల చుట్టుపక్కల డీసీ ఉంటుంది, స్విచ్ కట్టేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. రెసిస్టరు గుండా దాన్ని దించి, మీటరు సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకునే అలవాటు చేతికి పట్టేదాకా ఆ కిట్ కొనకండి.