ఎఱ్ఱరాతిమీద శరత్కాంతి

శరదృతువును చిత్రింపవలెనని ముచ్చటపడు మన యువచిత్రకారులలో పెక్కుమంది మొదట చేయు పని, గోడకు వ్రేలాడు కాలెండరులో చూచిన మేపిల్ చెట్టును, దాని కెంపువన్నె ఆకులను, ఆ ఆకులు రాలి పఱచుకొన్న బాటను కాగితముమీదికి దింపుకొనుట. ఆ చెట్టు మన మైదానములలో మొలవదు. ఆ ఆకురాలుట మన ఆశ్వయుజ కార్తికములలో జరుగదు. చలిదేశములలో పగటిప్రొద్దు తగ్గి రాత్రులు చల్లబడగానే ఆకులోని పత్రహరితము విచ్ఛిన్నమై, అంతవఱకు దానిచాటున అణగియున్న పసుపువన్నె బయటపడును. కొన్ని జాతుల ఆకులలో ఆ సమయముననే ఎఱ్ఱని రంజకద్రవ్యము క్రొత్తగా పుట్టును. కడపమండలమున అడవి ఆకు రాల్చునది శిశిరములో. అందుకు కారణము చలికంటె నీటికొఱతయే. ఇచ్చటి శరత్తు పైరును పండించు ఋతువు, గాలిని కడిగి, ఎండను వాల్చి, రాతికి రంగు తెచ్చు ఋతువు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో కుంచె పట్టువాడు ఈ భేదమును గ్రహింపనిచో, ఎంత నేర్పరియైనను పరాయి ఋతువునే చిత్రించుచుండును.

ఈ విషయమున మన ప్రాచీనులకు సందేహము లేకుండెను. విష్ణుధర్మోత్తరపురాణము తృతీయఖండమందలి చిత్రసూత్రము ఋతువులను చూపరులకు ఎట్లు తెలియజేయవలెనో చెప్పుచు, శరత్తునకు ఫలభరితములైన వృక్షములను, పండిన సస్యముతో నిండిన నేలను, పద్మములతోను హంసలతోను శోభిల్లు తటాకములను విధించినది. రాలిన ఆకు ప్రసక్తి అందు లేదు. కాళిదాసు ఋతుసంహారమున మూడవ సర్గమును ఈ ఋతువునకే ఇచ్చెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షాకాలము వెంట శరత్తును విస్తరించి వర్ణించెను. ఏమి చూపవలెనో సూత్రకారుడు చెప్పెను గాని, ఎట్లు చూపవలెనన్నది శిల్పి చేతికి వదలిపెట్టెను. కామసూత్రములకు యశోధరుడు వ్రాసిన వ్యాఖ్యలో చిత్రమునకు ఆఱు అంగములు చెప్పబడినవి: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. రంగుల కూర్పును, వాని వినియోగమును తెలుపు వర్ణికాభంగము వరుసలో కడపటిదైనను, ఋతుచిత్రణమునందు తక్కిన అయిదును దానిపై ఆధారపడి నిలుచుననియే నా నిశ్చయము. ఏలయనగా కొండ రూపము ఏడాది పొడుగునను ఒక్కటియే, మాఱునది దానిపై పడు వెలుగొక్కటియే.

ఆ మాటకు సాక్ష్యము కావలసినవారు జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న గండికోటకు కార్తికమాసపు సాయంకాలమున పోయి చూడవలెను. అచ్చట పెన్న ఎఱ్ఱమలలను చీల్చుకొని, సుమారు 300 అడుగుల లోతున, పలకలు పలకలుగా పేర్చినట్లున్న రాతిగోడల నడుమ ప్రవహించును. ఆ రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్‌జైట్ అనియే వ్యవహరింతురు. ఇందలి ఎఱుపు ఇనుపభస్మమువలన కలిగినది. మండువేసవి మధ్యాహ్నమున ఆ ఎఱుపు వెలవెలబోయి బూడిదవన్నెగా కనబడును, నడినెత్తిని నిలిచిన సూర్యుడు నీడలను మ్రింగివేయుటచే కొండకు లోతు లేకపోవును. సెప్టెంబరు కడపట విషువద్దినమున ఇక్కడ మధ్యాహ్నసూర్యుని ఎత్తు సుమారు 75 డిగ్రీలు. నవంబరు నడుమకు అది 57 డిగ్రీలకు దిగును. ఆ రెండు నెలలలోపల మధ్యాహ్నపు నీడ రెట్టింపునకు మించి సాగును. పలకకును పలకకును నడుమనున్న ప్రతి సందులోను నీడ నిండి, ప్రతి అంచును ఎండ తాకి, కోటగోడయు మాధవరాయాలయ గోపురమును ఆకాశముమీద స్ఫుటముగా నిలుచును. వానలకు ధూళి అణగిన గాలిలో ఆకాశము గాఢనీలమగును.

ఇచ్చట చిత్రకారునకు ఎదురగు మొదటి పరీక్ష నీడ. ఎఱ్ఱరాతి నీడను నల్లరంగు కలిపి ముదురుచేయుట మన బడులలో బోధింపబడు సులభోపాయము. దానివలన కొండ మాడిపోయినట్లగును. ఎండ చేరని రాతిముఖమును వెలిగించునది పైనున్న నీలాకాశమే. కావున ఆ నీడ నిజముగా ఊదావన్నెను పొందియుండును. పారిసులోని గోబెలిన్ నేతశాలలో రంగుల అధికారిగానుండిన షెవ్రల్ పండితుడు, ప్రక్కప్రక్కనున్న రెండు వర్ణములు ఒకదాని నొకటి మార్చుననియు, ఎదురువర్ణములు పరస్పరము తేజస్సును పెంచుననియు 1839లో ప్రకటించిన గ్రంథములో నిరూపించెను. నారింజవన్నెకు ఎదురు నీలము; ఎఱ్ఱగండికిని శరదాకాశమునకును ఉన్న సంబంధము సరిగా ఇదియే. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890, 1891 సంవత్సరములలో ఒకే పొలమునందలి గడ్డివాములను గంటగంటకును మాఱు వెలుగులో పెక్కు పటములుగా వ్రాసినది ఈ రహస్యమును వెంబడించియే. గండికోట గోడయెదుట ఉదయముననొకటి, మధ్యాహ్నముననొకటి, అస్తమయముననొకటిగా మూడు కాగితములు వ్రాసిన విద్యార్థికి ఎన్ని ఉపన్యాసములును నేర్పలేని పాఠము అబ్బును.

నీలమును గూర్చి ఇంకొకమాట చెప్పవలసియున్నది. పదునాఱవ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమందు విరూపన్న వీరన్న సోదరుల పూనికతో వెలసిన లేపాక్షి కుడ్యచిత్రములను చూచినవారు, ఆ కప్పులమీద జేగురు, పసుపుమన్ను, సున్నపుతెలుపు, మసినలుపు, ఆకుపచ్చ ఎంత నిండుగానున్నవో గమనింతురు. నీలము మాత్రము అందు మిక్కిలి అరుదు. నల్లని సన్నగీతలోపల చదునుగా నింపిన వర్ణములతోనే ఆ చిత్రకారులు వస్త్రముల మెఱుపును, శరీరముల కాంతిని సాధించిరి. రాయలసీమ వర్ణసంప్రదాయమునకు మట్టియే మూలమని వారి పని చాటుచున్నది. అయినను నీలము ఈ నేలకు పరాయిది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ప్రొద్దుటూరును జమ్మలమడుగును ప్రత్తితోపాటు నీలిమందు వర్తకమునకును పేరుపడిన ఊళ్లు. పచ్చని నీలియాకును తొట్లలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున పేరిన నీలమును ఆరబెట్టి బిళ్లలుగా కోసి పంపెడివారు. 1897లో జర్మనీవారి కృత్రిమనీలము బజారునకు వచ్చిన పిమ్మట ఆ పంట క్షీణించినది. ఒక ఆకు తన కడుపులో ఇంత నీలమును దాచుకొన్న సీమలో, ఎఱ్ఱబాఱిన ఆకుకొఱకు పరదేశపు కాలెండరును వెదకుట నాకు దుఃఖకరముగానున్నది.

ఇక తెలుపు. శరత్తునకు మనదేశమున ప్రధానవర్ణము తెలుపే: తేలిపోవు మేఘము తెలుపు, వెన్నెల తెలుపు, పెన్నయొడ్డున తలలూపు రెల్లుపూవు తెలుపు. కాని తెల్లనిదానిని తెల్లరంగుతో వ్రాయబూనుట ప్రారంభకుని భ్రమ. రెల్లు, సూర్యుడు దానివెనుకనున్నప్పుడు వెండివలె మెఱయును. మఱియొక ప్రక్కనుండి చూచినచో, వెలుగుతో నిండిన ఆకాశముమీద అదే పూవు మాసిన గోధుమవన్నెగా కనబడును. కావున నీటిరంగుల చిత్రకారుడు రెల్లును వ్రాయడు. దానివెనుకనున్న రాతిని, నీటిని వ్రాసి, పూవున్నచోట కాగితమును తాకకుండ విడిచిపెట్టును. ఈ విడిచిపెట్టుట చాల కష్టమైన విద్య. తడిసిన కాగితముమీద అంచు కరగిపోవలె, ఆరినచోట కాడ తీగవలె నిలువవలె. ఏది ఎప్పుడన్నది చేతికే తెలియవలెను.

ఈ విద్య తెలుగుదేశమునకు వచ్చిన త్రోవ వినదగినది. 1903లో జపానునుండి యొకొయామా తైకాన్, హిషీడా షున్‌సో అను చిత్రకారులు కలకత్తాకు వచ్చిరి. వారి పని చూచి అవనీంద్రనాథ ఠాకూరు వాష్ పద్ధతిని రూపొందించుకొనెను: సన్నగీతతో ఆకృతి గీచి, పలుచని రంగు పూసి, ఆరనిచ్చి, కాగితమును నీట ముంచి తీయుదురు, పైపై రంగు కడుగుకొనిపోయి, పోగా మిగిలినది కాగితపు నారలోనికి ఇంకును, ఇట్లు పలుమాఱులు చేయగా రంగులు వేర్వేరు పూతలని తోచక, చిత్రమంతయు ఒకే గాలిలో మునిగియున్నట్లగును. ఆ బాటలో శిక్షణపొందిన ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు మచిలీపట్టణమున ఆంధ్రజాతీయకళాశాలలో చిత్రలేఖనము నేర్పెను. అడివి బాపిరాజు మున్నగువారు ఆయన శిష్యులు. షున్‌సో స్వదేశమునకు మరలిన కొన్నేండ్లకు కంటిజబ్బు బాధించుచున్న దినములలో, 1909లో, రాలిన ఆకులు అను పేరుగల తెరచిత్రములను వ్రాసెను. అందు నేలను చూపు గీతయే లేదు. దగ్గఱి మ్రాకులు స్ఫుటముగను, దూరపువి పొగమంచులో కరగినట్లును ఉండును. ఆకులు పఱచుకొన్న తీరునుబట్టియే నేలయున్నదని మనకు తెలియును. రెండేండ్లకు, 36 ఏండ్లకే, ఆయన పరమపదించెను. విడిచిపెట్టిన చోటునకు ఇంత బరువు ఇచ్చిన శరచ్చిత్రము నేనెఱిగినంతలో వేఱొకటి లేదు. మనవాడు దానినుండి నేర్వవలసినది ఆ శూన్యమును. ఆ ఆకును కాదు.

పులివెందుల వైపు వచ్చినచో ఋతువు వేషమే మాఱును. చిత్రసూత్రము చెప్పిన ఫలభరితవృక్షములు ఇక్కడ చీనీచెట్లు. చీనీకాయను చూడగనే నారింజరంగు గొట్టమునకు చేయిచాచువారు ఒకసారి తోటలోనికి పోయి చూడవలెను: తొక్కలోని పచ్చదనము పూర్తిగా విఱుగుటకు రాత్రులు బాగుగా చల్లబడవలెను, మన ఉష్ణసీమలో పండిన కాయయు పసుపు కలిసిన పచ్చగానే యుండును. ముదురాకుల నడుమ ఆ లేతపసుపును వేఱుపఱచి చూపుట కనుపాపకే ఒక వ్యాయామము. ఎఱ్ఱనేలలో పెఱికిన వేరుసెనగ చెట్లను కాయలు పైకి కనబడునట్లు తిరగవేసి వరుసలుగా ఆరబెట్టుదురు. వాడిన ఆకుపచ్చ, కాయల పాలిపోయిన తెలుపు, తడియారని మన్ను, ఈ మూడింటి కూర్పులో ఋతువంతయు ఇమిడియున్నది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దిక్కున నల్లరేగడిలో అప్పుడే శనగ విత్తుచుందురు. తడి రేగడి నలుపులో నీలి ఛాయ కలదు. దానిని సీసాలోని నలుపుతో కాక, నీలిని కాల్చిన జేగురుతో కలిపి సాధింపవలెను.

ఈ సీమ శరత్తునందు ఆకాశము ఎల్లప్పుడు నిర్మలముగా నుండదని కూడ చెప్పకతప్పదు. కడపలో మంచివానలు సెప్టెంబరు, అక్టోబరులలోనే పడును. ఒకవైపు తూర్పున తుపానుమబ్బు సీసమువలె నల్లబడియుండగా, పడమటినుండి వాలుటెండ వచ్చి పండిన కొఱ్ఱచేనిమీదను, గట్టుమీది తంగేడుపూలమీదను పడును. ఆ పసుపు ఆ క్షణమున వెలుగును పుట్టించునదిగా తోచును. తైలవర్ణములవారు ముందు మబ్బును వ్రాసి, అది ఆరినపిదప పసుపు ముద్దను దట్టముగా పెట్టుదురు. నీటిరంగులవారు పసుపునే ముందు పూసి, దానిని కాపాడుకొనుచు చుట్టును మబ్బును దింపుదురు. నాకు రెండవ పద్ధతియే ప్రియము. వెలుగు ముందు, చీకటి వెనుక అను క్రమము ప్రకృతికి దగ్గఱగానున్నది.

వేంపల్లె చెంత పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చు గండిలో ఆంజనేయస్వామి ఆలయమున్నది. శ్రీరాముడు తన బాణపుములికితో రాతిమీద ఆ స్వామి రూపమును గీచెననియు, ఒక చిటికెనవ్రేలు మాత్రము వేఱుపడక మిగిలెననియు స్థలపురాణము. ఆ గండికి అడ్డముగా వాయుదేవుడు కట్టిన బంగారుతోరణము పుణ్యాత్ములకు కనబడుననియు, మద్రాసు గవర్నరు మన్రో 1827లో పత్తికొండలో మరణించుటకు పూర్వము దానిని చూచెననియు జనులు చెప్పుకొందురు. రేఖయే దేవుడు గీచినదిగా, ఎండపొడయే బంగారుతోరణముగా భావించిన ప్రజలకు చిత్రకళ యొకరు నేర్పవలసినది కాదు.

ప్రొద్దుటూరు దసరా రాత్రులు వేఱొక అధ్యాయము. కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాలలో దినమున కొక అలంకారము, విజయదశమినాటి తొట్టిమెరవణి, దీపముల పసుపువెలుగులో బంతిపూల నారింజ, పట్టుచీరల ఎఱుపు, పైన నీలికప్పిన రాత్రి. దీపకాంతిలో పసుపురంగు తెలుపుగా భ్రమింపజేయును, నీలము నల్లబడును. అక్కడ కనులతో గుర్తుపెట్టుకొని పగటివెలుగులో వ్రాయువాడు ఆ మార్పును లెక్కలోనికి తీసికొనవలెను.

జమ్మలమడుగునుండి పులివెందులకు పోవు త్రోవలోని ముద్దనూరు ప్రాంతమున చింతకుంట చెంత గుండ్లక్రింద ఆదిమానవులు వ్రాసిన చిత్రములు గలవు. ఎక్కువభాగము జేగురు, కొన్ని తెలుపు. మూపురముగల ఎద్దులు, లేళ్లు, మనుష్యులు. ఎద్దుల ఆవుల గుండు అని ఆ చోటును ఊరివారు పిలుతురు. ఆ జేగురును గండికోట గోడకు రంగిచ్చిన ఇనుపభస్మమును ఒక్కజాతివే. కొండను వ్రాయగోరువాడు కొండద్రవ్యముతోనే వ్రాయగల భాగ్యము అన్ని దేశములవారికి దొఱకదు. పైగా ఇది ఎండకు వెలియని రంగు. జేగురుగడ్డను నలుగగొట్టి, నీటిలో కలిపి, ఇసుక అడుగునకు దిగినంతనే పైనీటిని వేఱొక పాత్రకు వంచి, అందు పేరిన మెత్తని మన్నును ఆరబెట్టి, తుమ్మబంకనీటితో నూరుకొన్నచో చాలును. బంక తక్కువైనచో రంగు వ్రేలికి అంటును, ఎక్కువైనచో పగుళ్లు పాఱును. తడిగానున్నప్పటికంటె ఆరినపిదప జేగురు తేలికపడును గనుక, మొదట చిన్న కాగితపుముక్కమీద పూసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ ముక్కను గండికోట రాతియెదుట పట్టి సరిచూచుకొని, ఆ పిమ్మటనే పటమును ఆరంభింపవలెను.