జాకీ బొమ్మ చెప్పని సంగతులు

పాస్కల్ సూత్రమును బోధించు పాఠములో సాధారణముగా ఒక బొమ్మ కనబడును. రెండు స్తూపములు, వాని నడుమ ద్రవము. సన్నని స్తూపములోని ముషలకమును ఒక చేయి నొక్కుచుండును. వెడల్పైన స్తూపములోని ముషలకముపై ఒక మోటారు కారు, పీటపై కూర్చున్న పెండ్లికొడుకువలె, నాలుగు చక్రములతో నిశ్చింతగా నిలిచియుండును. ప్రక్కన లెక్క: చిన్న ముషలకము వైశాల్యము 1 చదరపు సెంటీమీటరు, పెద్దదానిది 100, ఇక్కడ 10 కిలోల బలము ప్రయోగించిన అక్కడ 1000 కిలోల బరువు లేచును. విద్యార్థి లెక్క చేయును, మార్కులు వచ్చును, పాఠము ముగియును.

లెక్కలో దోషము లేదు. దోషము బొమ్మలో ఉన్నది. బరువును ఎత్తుట ఎట్లు అను ప్రశ్నకు అది చక్కగా సమాధానము చెప్పును. ఎత్తిన బరువును నిలుపుట ఎట్లు అను రెండవ ప్రశ్న అసలు లేనేలేదన్నట్లు ఊరకుండును. ప్రాణములు తీయునది ఈ రెండవ ప్రశ్నయే. కారు క్రింద పడుకొని పనిచేయుచుండగా జాకీ జారి మరణించినవారి వార్తలు పత్రికలలో అప్పుడప్పుడు చూచుచునే ఉన్నాము. వారి జాకీకి కారును ఎత్తుటకు బలము చాలకపోలేదు. ఎత్తుట అప్పటికే పూర్తియైనది.

ఈ బొమ్మను పరీక్షించుటకు ఎత్తైన లారీకంటె నేలబారుగా ఉండు స్పోర్ట్సు కారు మంచి ఉదాహరణము. లారీ క్రింద చోటు ఎక్కువ గనుక బొమ్మలోని లోపములు కొన్ని దాగిపోవును. స్పోర్ట్సు కారు వద్ద ఒక్కటియు దాగదు. జపానుదేశపు మాజ్డా కంపెనీ 1989లో వెలువరించిన ఎం.ఎక్స్.-5 అను రెండు సీట్ల కారును తీసికొందము. అమెరికాలో దీనిని మియాటా అందురు. అచ్చట ఇంటిని ఆనుకొని గ్యారేజి ఉండుట సాధారణము. ఆయిలు మార్చుట, బ్రేకులు సరిచేయుట వంటి పనులు యజమానులే సెలవురోజున చేసికొనుటయు సాధారణమే. మన పాఠశాలలలో పాస్కల్ సూత్రము చదివి అక్కడ స్థిరపడినవారును అట్టి గ్యారేజీలలో జాకీ పట్టుచున్నారు. కావున ఈ ప్రశ్న మనకు మరీ దూరపుది కాదు.

మొదటి తరపు ఎం.ఎక్స్.-5 బరువు సుమారు 950 కిలోలు. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 226.5 సెం.మీ. బరువు ముందు చక్రములకు, వెనుక చక్రములకు దాదాపు సమానముగా పంచబడియున్నది. ఇట్టి కార్లలో అడుగుభాగమునకు, నేలకు మధ్య ఎడము బెత్తెడుకంటె కొంచెము ఎక్కువ, అంతే. అందుచేత మొట్టమొదటి చిక్కు ఎత్తుటకు ముందే వచ్చును: జాకీ లోపల దూరదు. సామాన్యమైన చక్రముల జాకీ తల అతి తక్కువ ఎత్తులోనే 13 సెం.మీ. ప్రాంతమున ఉండును. 7 నుండి 10 సెం.మీ. వరకు దిగు పొట్టి జాకీలు వేరుగా అమ్ముదురు. అవికూడ కొన్నిసార్లు ముందు బంపరుకు తగిలి ఆగిపోవును. అప్పుడు అనుభవజ్ఞులు చేయు ఉపాయము చాల సులభము: 4 సెం.మీ. మందము గల వెడల్పైన చెక్కలపైకి ముందుగా కారును నడిపింతురు.

జాకీకి బదులు ఏటవాలు దిమ్మలపైకి కారును ఎక్కించువారును కలరు. ఇక్కడ వాలుతలపు పాఠము అక్కరకు వచ్చును. ముందు చక్రము నేలను తాకు చోటినుండి బంపరు మూతివరకు 75 సెం.మీ., ఆ మూతి నేలకు 12 సెం.మీ. ఎత్తున ఉన్నదనుకొందము. వాలు 75కి 12 కంటె నిటారుగా ఉన్నచో చక్రము ఎక్కకముందే మూతి తగులును. చక్రమును 20 సెం.మీ. ఎత్తునకు చేర్చవలెనన్న దిమ్మ పొడవు సుమారు 125 సెం.మీ. ఉండవలెను. దుకాణములో దొరకు పొట్టి దిమ్మ ఈ కారుకు ఎందుకు పనికిరాదో ఒక్క నిష్పత్తితో తేలిపోయినది. ఇంత చక్కని లెక్క చేతిలో ఉండగా మనము నేటికిని పీపాలను బండిపైకి దొర్లించుచునే ఉన్నాము.

ఇక జాకీ తల కారును ఎచ్చట తాకవలెను? బొమ్మలోని కారు పళ్లెము వంటి ముషలకముపై చక్రములతో నిలిచియున్నది. నిజమైన జాకీ తల అరచేతికంటె పెద్దది కాదు, అది చక్రములను తాకదు. ఎం.ఎక్స్.-5 ప్రక్కల అడుగున రెండు రేకులను కలిపి అతికిన సన్నని అంచు ఉండును. దానిలో గుర్తుపెట్టిన చోట్లనే బలము ఎక్కువ. ఒక మూలను ఎత్తునపుడు 240 కిలోల భారము 2 చదరపు సెంటీమీటర్ల అంచుపై పడినదనుకొన్న పీడనము చదరపు సెంటీమీటరుకు 120 కిలోలు. గుర్తు తప్పినచో రేకు ముడుచుకొనిపోవును, ముడుచుకొనుచున్న రేకుపైనుండి జాకీ జారును. అందులకే అంచు ఇమడునట్లు గాడి తీసిన రబ్బరు దిమ్మను నడుమ ఉంచెదరు. ముందుభాగము మొత్తము లేపుటకు అడ్డదూలపు నడిమి భాగము, వెనుకభాగము లేపుటకు డిఫరెన్షియల్ పెట్టె తగినవి. గేరుపెట్టెనుండి డిఫరెన్షియల్ వరకు పొడవుగా సాగు అల్యూమినియము దూలము చూచుటకు బలముగా కనబడినను బరువు మోపుటకు ఏర్పడినది కాదు. పీడనమనగా బలమును వైశాల్యముచే భాగించుట అని అదే పాఠములో నిర్వచించియున్నాము. దానిని ద్రవములోపలనే వాడి, ఇనుము ఇనుమును తాకు చోట మరచితిమి.

బొమ్మలోని ముషలకము నిటారుగా పైకి పోవును. చక్రముల జాకీ తల అట్లు పోదు. అది ఒక చేతి చివర ఉండును; ఆ చేయి తన కీలుచుట్టు వృత్తఖండముగా తిరుగును. చేయి పొడవు 40 సెం.మీ. అనుకొని, అది క్షితిజరేఖకు 10 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు లేచినదని సైన్, కొసైన్ పట్టికలతో లెక్కింపుడు. తల పైకి దాదాపు 24 సెం.మీ. పోవును, అదే సమయమున పిడివైపు దాదాపు 14 సెం.మీ. వచ్చును. కారు కదలకుండ జాకీ తన చిన్న చక్రములపై అంతదూరము లోపలికి దొర్లినప్పుడే తల తానున్న చోటనే ఉండును. చక్రము నేలలోని పగులులో చిక్కుకొన్నను, మట్టిలో దిగినను జాకీ దొర్లదు, తల జారును. జాకీకి చక్రములు మోసికొనిపోవు సౌకర్యమునకే అని తలచువారు చాలమంది. ఎత్తునపుడు అవి తప్పక తిరుగవలెనని పాఠమెవరును చెప్పరు.

కారు మాత్రము దొర్లరాదు. ఎం.ఎక్స్.-5 చేతిబ్రేకు వెనుక చక్రములనే పట్టును, ఇంజను త్రిప్పునదియు వెనుక చక్రములనే. కావున వెనుకభాగమును లేపినంతనే చేతిబ్రేకు, గేరు రెండును నిరుపయోగములగును. నేలపై మిగిలిన ముందు చక్రములు స్వేచ్ఛగా తిరుగును. వానికి ముందు, వెనుక అడ్డుచెక్కలు లేనిచో గ్యారేజి నేలకు నీరు పోవుటకై ఇచ్చిన స్వల్పమైన వాలే చాలును. మన రహదారులపై లారీ క్లీనరు జాకీ తీయకముందే చక్రము క్రింద రాయి పెట్టును. ఆ రాయిలోని శాస్త్రము వాచకపు బొమ్మలో లేదు.

తెలివైన విద్యార్థి బొమ్మను చూచి ఒక ప్రశ్న వేయును: "అయ్యా, ఆ చేయి తీసివేసిన కారు దిగదా?" తప్పక దిగును. బొమ్మలో కవాటములు లేవు గదా. నిజమైన జాకీలో ద్రవము వెనుకకు రాకుండ ఆపు కవాటములు, దించునపుడు తెరచు కవాటము, ముషలకము ప్రక్కనుండి ద్రవము కారకుండ ఆపు వలయము ఉండును. ఈ యంత్రపు చరిత్రలో పెద్ద చిక్కు అదియే. ద్రవముల సమతాస్థితిని గూర్చిన పాస్కల్ గ్రంథము ఆయన మరణానంతరము 1663లో వెలువడినది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పీడనయంత్రమునకు పేటెంటు పొందినది 1795లో. సూత్రము చేతిలో ఉండగా యంత్రమునకు ఇంతకాలము పట్టుటకు ఒక కారణము ముషలకము అంచున నీరు కారిపోవుటయే. బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్స్లే తోలుతో చేసిన పట్టువలయము ఆ చిక్కును తీర్చెనని చెప్పుదురు. చేతితో మోసికొనిపోగల జాకీకి రిచర్డు డడ్జన్ న్యూయార్కులో పేటెంటు పొందినది 1851లో. అనగా జాకీపై నిలిచిన కారు, చివరకు, ఒక చిన్న వలయముపైనను ఒక చిన్న కవాటముపైనను నిలిచియున్నది. వలయము అరిగినచో కారు మెల్లగా దిగును. కవాటపు మర కాలు తగిలి తిరిగినచో వడిగా దిగును. తల జారినచో కారు స్వేచ్ఛగా పడును. 30 సెం.మీ. ఎత్తునుండి పడుటకు పట్టు కాలమును పతనసూత్రముతో కట్టి చూడుడు: పావు సెకను. క్రిందనున్న మనిషి శబ్దము విని కదలుటకు ఆరంభించులోపల అంతయు ముగియును.

అందువలన ఎత్తునది జాకీ, మోయునది స్టాండు. ద్రవముతో పనిలేని ఇనుప స్టాండులను జతగా కారు క్రింద నిలిపి, జాకీని దించి, బరువును వానిపైకి మార్చిన తరువాతనే లోపలికి పోవలెను. దీనికి గరిమనాభి పాఠమే కారణము చూపును. ముందు అడ్డదూలపు నడుమ జాకీ పెట్టినపుడు కారు మూడు చోట్ల నిలుచును: వెనుక రెండు చక్రములు, జాకీ తల. ఇది త్రిభుజము. వెనుక చక్రముల మధ్య దూరము సుమారు 1.4 మీటర్లు; గరిమనాభి ఇరుసుల నడిమిలో ఉన్నది గనుక అచ్చట త్రిభుజపు వెడల్పు 70 సెం.మీ., అనగా ఇరుప్రక్కల 35 సెం.మీ. మాత్రమే. ఇరుప్రక్కల అంచుల క్రింద రెండు స్టాండులు నిలిపినచో అది ఇంచుమించు రెట్టింపగును. బిగుసుకొనిన బోల్టును 50 సెం.మీ. స్పానరుతో లాగువాని బలము కారును ప్రక్కకు త్రోయుననియు మరువరాదు. చక్రపు నట్లను కారు నేలపై ఉండగనే వదులు చేయుటలోని అర్థమిదియే.

స్టాండుపై "3 టన్నులు" అని వ్రాసియున్నది చూచి తృప్తిపడుటయు పొరపాటే. ఆ అంకె నిలువుగా, నడిమిలో పడు భారమునకే చెల్లును. ప్రక్క త్రోపును గూర్చి అది ఏమియు చెప్పదు. అమెరికాలో హార్బర్ ఫ్రైట్ టూల్స్ అను సంస్థ 2020లో 3 టన్నుల, 6 టన్నుల స్టాండులను సుమారు 17 లక్షలు వెనుకకు పిలువవలసివచ్చెను. పండ్ల కడ్డీలో పట్టుకొక్కెము చాలినంత లోతుగా కూర్చుండక స్టాండు ఒక్కసారిగా దిగవచ్చునని తేలినది. వానికి బదులు ఇచ్చిన స్టాండులలో కొన్నిటినికూడ అతుకుల దోషమువలన అదే సంవత్సరము వెనుకకు తీసికొనిరి. మోయువానికిని తోడు అవసరమని దీనివలన తెలియును. ఊడదీసిన చక్రమును కారు అంచు క్రిందికి త్రోసియుంచుట ఖర్చులేని తోడు. లోపలికి పోకముందు కారును చేతులతో గట్టిగా ఊపి చూచుట ఖర్చులేని పరీక్ష. గుల్లగానుండు కాంక్రీటు ఇటుకలను స్టాండులకు మారుగా పెట్టుట మాత్రము కూడదు. గోడలో సమముగా పంచబడిన భారమును మోయు ఇటుక, ఒక చిన్నచోట పడిన భారముచే ముందుగా వంగి హెచ్చరింపదు, పగిలిపోవును.

ఇది మెకానిక్కు నేర్వవలసిన విద్య, పాఠశాలకు దీనితో పనిలేదని కొందరు ఆక్షేపింపవచ్చును. కాని పైన వాడిన పీడనము, గరిమనాభి, వాలుతలము, భ్రామకము, పతనకాలము, త్రికోణమితి అన్నియు మన పాఠ్యప్రణాళికలోనివే. వానిని వేరువేరు అధ్యాయములలో బంధించి, కారు బొమ్మను ఒక్క అధ్యాయమునకే అప్పగించుటయే నా ఆక్షేపణ. కారు యజమానులకిచ్చు చిన్న పుస్తకములలో ఇందుకు విరుద్ధమైన లోపము కలదు. జాకీపైననే నిలిచిన కారు క్రిందికి పోవద్దని అవి పెద్ద అక్షరములతో హెచ్చరించును, ఎందుకో మాత్రము చెప్పవు. వాచకములో కారణములున్నవి, హెచ్చరిక లేదు. రెండును ఒకేచోట ఉండదగినవి.

బొమ్మను మార్చుటకు చిత్రకారునికి అరగంట పని. గొట్టములో రెండు కవాటములు, జాకీ తలపై రబ్బరు దిమ్మ, కారు ప్రక్కల అంచుల క్రింద రెండు స్టాండులు, వెనుక చక్రములకు అడ్డుచెక్కలు గీసిన చాలును. అంతవరకు ఉపాధ్యాయులు తరగతిలో రెండు సూదిమందు సిరంజిలతో పని జరుపుకొనవచ్చును. ఒకటి లావుది, ఒకటి సన్నది. సూదులు తీసి, రెండింటిని సన్నని రబ్బరు గొట్టముతో కలిపి నీరు నింపి, లావుదానిపై అట్టముక్క నుంచి దానిపై నోటుపుస్తకములు పేర్చవలెను. సన్నదానిని నొక్కిన పుస్తకములు లేచును. ఇంతవరకు అందరును చేయుదురు. తరువాత ఒక విద్యార్థిని సన్న సిరంజినుండి చేయి తీయుమని చెప్పి, ఏమగునో చూపవలెను. పిమ్మట గొట్టమును వ్రేళ్లతో గట్టిగా నొక్కిపట్టుకొని మరల చేయి తీయుమనవలెను. ఇప్పుడు పుస్తకములు నిలుచును. నొక్కిపట్టిన ఆ వ్రేళ్లే కవాటము. చివరగా అట్టముక్కకు రెండు ప్రక్కల రెండు చెక్కదిమ్మలు నిలిపి, అట్ట వానిపై ఆనిన పిదప వ్రేళ్లు వదలుమనవలెను.