డిజిటల్ తాళం – విమర్శకుని హక్కు

గత భాగంలో కాపీరైట్ చట్టం నిర్మాతకు కల్పించే హక్కులను గురించి తెలుసుకున్నారు. ఆ హక్కులకు కాపలాగా వీడియో ఫైళ్లకు వేసే సాంకేతిక తాళాన్ని, దానిపై వచ్చిన చట్టాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

డీవీడీలోని చిత్రాన్ని సీఎస్ఎస్ అనే పద్ధతిలో సంకేతాలుగా మార్చి భద్రపరిచేవారు. దాన్ని విప్పే తాళంచెవి అనుమతి పొందిన ప్లేయర్లకే ఉండేది. 1999లో నార్వేకు చెందిన 15 ఏళ్ల యోన్ లెక్ యోహాన్‌సెన్, మరికొందరు కలిసి డీసీఎస్ఎస్ అనే ప్రోగ్రాముతో ఈ తాళాన్ని విప్పారు. లైనక్స్ కంప్యూటరులో డీవీడీలు చూడడానికే ఆ పని చేశామని అతడు వాదించాడు. కొనుక్కున్న డిస్కును చూసుకోవడం నేరం కాదంటూ ఓస్లో న్యాయస్థానం 2003లో అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. అప్పీలులోనూ అదే తీర్పు వచ్చింది. అమెరికాలో మాత్రం 1998 నాటి చట్టం ప్రకారం, ఈ ప్రోగ్రామును ప్రచురించకుండా ఒక పత్రికను న్యాయస్థానం 2000లో నిషేధించింది.

ఈ తేడా ఎందుకు వచ్చిందో గమనించండి. నార్వే న్యాయస్థానం తాళం ఎందుకు విప్పారని అడిగింది. అమెరికా చట్టం తాళం విప్పే సాధనాన్నే తప్పుపట్టింది.

మన దేశంలో 2012 సవరణ ద్వారా 65ఎ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విప్పితే రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనానికి విప్పితే ఈ సెక్షన్ వర్తించదు. విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తోంది. అందువల్ల మీ ప్రాజెక్టులో ఒక సన్నివేశాన్ని చూపి చర్చించడానికి తాళం విప్పడం, సినిమా మొత్తాన్ని కాపీ చేసి అమ్ముకోవడం ఒకటి కావు. ఉద్దేశాన్ని కొలమానంగా తీసుకోవడం మన చట్టంలోని గుణం.

అయితే లోపమూ ఉంది. తాళంచెవి ఇవ్వవలసిన బాధ్యతను ఈ సెక్షన్ నిర్మాతపై పెట్టలేదు. ఇంట్లోకి రావచ్చునని చెప్పి తలుపు తీయకపోవడం వంటిదిది. సాంకేతిక పరిజ్ఞానం లేని విద్యార్థికి మరొకరు సహాయపడితే, అతని పేరు, చిరునామా, ప్రయోజనం వంటి వివరాలన్నీ వారు నమోదు చేసి ఉంచాలి. ఈ షరతు వల్ల సహాయం చేయగలిగినవారు కూడా వెనుకాడే అవకాశం ఉంది. కఠినమైన చట్టం ఉన్న అమెరికాలో సైతం సినిమా అధ్యాపకులకు 2006లో మినహాయింపు ఇచ్చి, 2010లో సినిమా విద్యార్థులకూ విస్తరించారు. మన చట్టంలో అటువంటి స్పష్టత కనిపించదు. వాడుకునే దారి లేని హక్కు పుస్తకంలోనే మిగిలిపోతుంది.

మీ అవగాహనను సరిచూసుకోండి: 65ఎ సెక్షన్ సినిమా విమర్శకునికి ఎంతవరకు తోడ్పడుతుంది? ఉదాహరణతో చర్చించండి.