విడాకుల ఒప్పందం నుంచి పుట్టిన ఆల్బమ్: మార్విన్ గే ‘హియర్, మై డియర్’

అమెరికన్ సోల్ గాయకుడు మార్విన్ గే పాడిన ‘హియర్, మై డియర్’ రెండు ఎల్.పి. రికార్డుల ఆల్బమ్. మోటౌన్ సంస్థ దీన్ని 1978 డిసెంబరులో టామ్లా లేబుల్ మీద విడుదల చేసింది. విడిపోయిన ఒక జంట కథే ఇందులో మొదటి నుంచి చివరిదాకా నడుస్తుంది. గే 1963లో అన్నా గోర్డీని పెళ్లాడాడు. ఆమె మోటౌన్ అధిపతి బెర్రీ గోర్డీకి అక్క, గే కన్నా పదిహేడేళ్లు పెద్ద. 1975లో ఆమె విడాకులు కోరేనాటికి గే చేతిలో డబ్బు ఆడటం లేదు. చివరకు అతని తర్వాతి ఆల్బమ్ అడ్వాన్సు, రాయల్టీల నుంచి ఆమెకు 6 లక్షల డాలర్లు చెల్లించాలని 1977లో ఒప్పందం కుదిరింది.

సొమ్ము తనకు దక్కని ఆల్బమ్‌ను ఏదోలా ముగించేయాలనే గే మొదట అనుకున్నాడు. లాస్ ఏంజెలెస్‌లోని సొంత స్టూడియోలో పాడటం మొదలుపెట్టాక ఆ ఆలోచన నిలవలేదు. కాపురమంతా పాటల్లోకి వచ్చింది.

ఈ ఆల్బమ్ బలమంతా గొంతుల పొరల్లో ఉంది. 1970లో ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాట తయారవుతున్నప్పుడు, గే వేర్వేరుగా పాడిన రెండు టేకులు ఒకేసారి వినిపించాయి. అనుకోకుండా దొరికిన ఆ జోడింపును అతను తన పద్ధతిగా మలచుకున్నాడు. ఇక్కడ ఆ పద్ధతి పతాకస్థాయికి చేరింది. ఒక గొంతు జరిగింది చెబుతుంటే, సన్నని పైగొంతు నిట్టూరుస్తుంది, వెనకనుంచి మరొకటి నిష్ఠూరమాడుతుంది. అన్నీ అతని గొంతులే. ప్రేమ, కసి, పశ్చాత్తాపం ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒక్కసారే వినిపించడం వల్ల, వాదన ఎంత గట్టిగా వినిపించినా అది తనను తానే ఒప్పించుకోలేకపోతోందని శ్రోతకు తెలిసిపోతుంది.

వరసల ఎంపికలోనూ కథ ఉంది. తొలి పరిచయాన్ని చెప్పే ‘ఐ మెట్ ఎ లిటిల్ గర్ల్’ యాభైల నాటి డూవాప్ బాణీలో సాగుతుంది. గే పాతికేళ్లయినా నిండకముందు మూన్‌గ్లోస్ బృందంలో పాడిన బాణీ అది. ‘యాంగర్’ పేరుకు కోపమే గానీ, దాని నడక నిలకడగా, మెత్తగా ఉంటుంది. ప్రేమ ఎప్పుడు పోయిందని అడిగే ప్రధాన గీతానికి తిరిగి తిరిగి వచ్చే పల్లవి లేదు. మాటలు అలా ముందుకు పోతూనే ఉంటాయి. ఆ గీతం తర్వాత వాద్యాలతోనే ఒకసారి, కొత్త ప్రేమను పలికే ‘ఫాలింగ్ ఇన్ లవ్ అగెయిన్’ అయ్యాక చిన్న తునకగా మరోసారి వస్తుంది. కొత్త ప్రేమ దొరికినా పాత ప్రశ్న తీరలేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి అమరిక ఉండదు.

లోపమూ ఉంది. అన్నా తరఫు మాట ఎక్కడా వినపడదు. భరణం గురించిన పాటల్లో ఆమెకు న్యాయం జరగలేదు. లోపలి అట్ట మీద మోనోపలీని పోలిన ఆటబల్ల, దాని మీదుగా ఆడచేతికి రికార్డు అందిస్తున్న మగచేయి ఉంటాయి. ఆ బొమ్మలోని ఎత్తిపొడుపు పాటల్లోని వేదన కన్నా చౌకబారుది.

1977లో ‘గాట్ టు గివ్ ఇట్ అప్’ను అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేర్చిన శ్రోతలు మరో డాన్సు పాట కోసం చూశారు. ఈ ఆల్బమ్ సరిగా అమ్ముడుపోలేదు, విమర్శకులలో చాలామంది పెదవి విరిచారు. గే 1984లో మరణించాడు. ఈ ఆల్బమ్ విలువకు గుర్తింపు ఆ తర్వాతే వచ్చింది: 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీనికి చోటు దక్కింది.