ఆర్నెల్ల నియమం, మూడోనెల కూలి

"పాలిచ్చినంత కాలం కడుపు రాదు." తెనాలిని ఆనుకుని ఉన్న అంగలకుదురులో, మా పల్లెలోనూ గూడెంలోనూ ముసలమ్మలు చెప్పే మాట ఇది. చదువుకున్నవాళ్ళు దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. రెండూ సగం సగం నిజాలే. ఆ రెండు సగాల మధ్య నలిగేది కూలికిపోయే దళిత స్త్రీ. కాన్పు తర్వాత మళ్ళీ కడుపు ఎప్పుడొస్తుందనేది వైద్యుల ప్రశ్న అని ఇంతకాలం అనుకున్నాం. అది శ్రమకీ కులానికీ కూడా సంబంధించిన ప్రశ్న అనేది మా వాదన.

ముందు శాస్త్రం ఏమంటుందో చూద్దాం. బిడ్డ రొమ్ము చీకినప్పుడల్లా తల్లి మెదడుకు కబురందుతుంది, అండం విడుదలకు కావల్సిన హార్మోన్లు అణుగుతాయి. 1988లో ఇటలీలోని బెలాజియోలో కూడిన శాస్త్రవేత్తలు దీన్ని మూడు షరతులుగా చెప్పారు. బిడ్డకు ఆర్నెల్లు దాటకూడదు. ముట్టు మళ్ళీ మొదలై ఉండకూడదు. బిడ్డకు తల్లిపాలు తప్ప దాదాపు మరేమీ పట్టకూడదు. మూడూ కుదిరితే నూటికి 98 మందికి పైగా గర్భం రాదన్నారు. పగలు నాలుగు గంటలకు, రాత్రి ఆరు గంటలకు మించి ఎడం ఇవ్వొద్దని వైద్యుల సలహా. అసలు పాలివ్వని తల్లికైతే 25 రోజులకే అండం విడుదల కావొచ్చు. పైగా అండం ముందు, ముట్టు తర్వాత. ముట్టు రాలేదు గదా అని ధీమాగా ఉన్న మనిషి, ముట్టు చూడకుండానే నెల తప్పొచ్చు.

నియమంలో తప్పు లేదు. ముసలమ్మల మాటకు అది బలమే ఇచ్చింది. అయితే ఆ నియమంలో ఉన్న తల్లి ఎవరు? నాలుగు గంటలకొకసారి బిడ్డ పక్కన ఉండగలిగిన తల్లి. కాలవకు నీళ్ళొచ్చి నాట్లు మొదలైతే మా బాలింత మూడో నెలకే ముఠాతో పొలంలో ఉంటుంది. తెల్లారకముందు ఒకసారి పాలిస్తుంది. మళ్ళీ పొద్దుగూకాకే. మధ్యలో పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతుంది, గట్టు మీద పిండి పారబోస్తుంది. ఇంటికాడ బిడ్డకు పట్టేది గంజి, చక్కెర నీళ్ళు, డబ్బా పాలు. అంటే మూడు షరతుల్లో ఒకటి కూలి దగ్గరే తెగిపోయింది. బిడ్డ ఏడాది తిరక్కుండా ఆమె మళ్ళీ నీళ్ళోసుకుంటే ఆసుపత్రిలో వినపడేది ఒకటే మాట: "మీవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు." బుర్రకెక్కకపోవడం కాదండీ, కూలి తప్పకపోవడం.

ఆ గంజి పట్టేది ఎవరు? ఎనిమిదేళ్ళ అక్క. మాలాంటి మొదటి తరం వాళ్ళం విశ్వవిద్యాలయం మెట్లెక్కామంటే, వెనకాల చంటిబిడ్డ నెత్తుకుని బడి మానేసిన ఒక అక్క ఉంది. మన లెక్కల్లో ఆమె ఎక్కడా లేదు.

ఇప్పుడు చట్టం చూడండి. ప్రసూతి సెలవు 1961 చట్టానికి 2017లో వచ్చిన సవరణతో 26 వారాలైంది. అంటే సరిగ్గా ఆర్నెల్లు! జీతగత్తె తల్లికి నియమమూ సెలవూ కొలిచినట్టు సరిపోయాయి. వ్యవసాయ కూలికి ఆ సెలవిచ్చే యజమాని లేడు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృవందన పథకం మొదటి కాన్పుకు 5,000 అంది, అదీ విడతల వారీగా. ఆర్నెల్ల కూలికి అది ఏ మూలకు?

అంబేద్కర్ ఈ రెండు విషయాలనూ పట్టించుకున్నారు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయం బిల్లును సమర్థించారు. 1938లో ఆయన పార్టీ తరఫున రోహమ్ సంతాన నియంత్రణ తీర్మానం ప్రవేశపెట్టారు, అది వీగిపోయింది. తల్లికి విశ్రాంతి, ఎప్పుడు కనాలో తేల్చుకునే హక్కు, ఈ రెండూ కలిస్తేనే స్త్రీకి న్యాయం. మన ప్రభుత్వాలు మొదటిది వదిలేశాయి, రెండోదాన్ని ఆపరేషన్‌గా మార్చాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి ఆ ఆపరేషన్ అయింది. మగవాళ్ళ ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. కాన్పుకూ కాన్పుకూ ఎడం పెట్టుకునే దారి మన ఆడవాళ్ళకు దాదాపుగా లేదు. ఉన్నది ఒకటే, శాశ్వతంగా మూసేయడం.

ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి నిబంధనను 2024లో శాసనసభ ఎత్తేసింది. అదే ఏడాది ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఎక్కువమందిని కనమని పిలుపిచ్చారు. నిన్న వద్దన్నదీ ఇవాళ కనమన్నదీ పైవాళ్ళే. కనే మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

మనమూ అడగలేదు. భూమి, కూలి, ఆత్మగౌరవం మీద మన సభల్లో ఎంతో మాట్లాడాం. బాలింత మూడో నెల నాట్లకు పోవడం మాత్రం మనకు ఆడవాళ్ళ సంగతిగా మిగిలింది. ఆపరేషన్ మాటెత్తితే "మగాడు బరువులు మొయ్యాలి గదా" అని తప్పుకుంటాం. నాటేసే నడుం బరువు మోయట్లేదా?

కూలితల్లికి ఆర్నెల్ల కూలి ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలి. పని దగ్గర చంటిబిడ్డలను చూసే చోటుండాలి. ప్రసవమైన ప్రతి తల్లికీ ముట్టుకు ముందే గర్భం రావచ్చని ఆమె మాటల్లో, తిట్టకుండా చెప్పాలి. ఇవి దయాదాక్షిణ్యాలు కావు, మన డిమాండ్లు. ముసలమ్మల మాట నిజం కావాలంటే, ఆ మాట చెప్పినవాళ్ళ కూతుళ్ళకు ఆర్నెల్లు బిడ్డ పక్కన కూచునే వీలుండాలి.